రైతు నోట కంపెనీ మాట

తన సరుకు మంచిదని కంపెనీవాడే చెప్పుకుంటే ఎవరూ నమ్మరు. అదే మాట రైతు నోట పలికిస్తే మంత్రి వింటాడు, పత్రిక అచ్చేస్తుంది, పక్క ఊరి రైతు అప్పు చేసైనా ఆ విత్తన ప్యాకెట్టే కొంటాడు. ఈ కిటుకు బహుళజాతి గుత్తసంస్థలకు ఏనాడో తెలిసింది. చట్టాలు తమకు అనుకూలంగా మలచుకోవడానికి రాజధానుల్లో దళారులను తిప్పడం పాత పద్ధతి. కింది నుంచి "ప్రజాభిప్రాయం" పుట్టించడం ఇప్పటి పద్ధతి.

1999 నవంబరులో అమెరికా ప్రభుత్వం జన్యుమార్పిడి ఆహారంపై వాషింగ్టన్‌లో విచారణ జరిపింది. ఆ ఆహారం కావాలంటూ కొందరు పేదలు బయట ప్లకార్డులు పట్టుకున్నారు. మోన్‌శాంటో పెట్టుకున్న ప్రచార సంస్థ డబ్బిచ్చి ఒక చర్చివాళ్లను బస్సులో తెప్పించిందని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఎన్నికల సభలకు లారీల్లో జనాన్ని తోలుకుపోవడం చూసిన మన పాఠకులకు ఇందులో వింతేముంది!

మన దేశంలో ఏం జరిగిందో చూడండి. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో రెండు ఊళ్ల రైతులు బీటీ పత్తితో బాగుపడ్డారనీ, అక్కడ ఆత్మహత్యలే లేవనీ 2008లో ఒక ఇంగ్లీషు దినపత్రిక రాసింది. 2011 ఆగస్టులో అదే కథనం అదే పత్రికలో పూర్తి పేజీ వ్యాపార ప్రకటనగా మళ్లీ వచ్చింది. బయోటెక్ నియంత్రణ బిల్లును పార్లమెంటులో పెట్టాలని పాలకులు తంటాలు పడుతున్న రోజులవి. 2012 మార్చిలో బసుదేవ్ ఆచార్య నాయకత్వాన పార్లమెంటు సంఘం ఆ ఊళ్లలో ఒకటైన భంబ్‌రాజాకు వెళ్లింది. తమ ఊళ్లో 14 ఆత్మహత్యలు జరిగాయని జనం చెప్పారు. పి. సాయినాథ్ ఆ సంగతి రాయకపోతే ప్రకటనలోని ఊరే నిజమైన ఊరుగా మిగిలిపోయేది.

బీటీ వేసిన ప్రతి రైతూ అమ్ముడుపోయినవాడని మేము అనడం లేదు. దేశంలో పత్తి పొలాల్లో నూటికి 90 వంతులకు పైగా నేడు బీటీయే. రైతు తన లెక్క తాను చూసుకునే వేస్తాడు. కాని రైతు మేలు కోరే కంపెనీ 450 గ్రాముల ప్యాకెట్టును 1,600 రూపాయలకు పైగా ఎందుకమ్మింది? అందులో 1,250 రూపాయలు రాయల్టీయే గదా! 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కెక్కితేనే ధర 750కి దిగింది.

మరి అసలు రైతు గొంతు ఎట్లా ఉంటుంది? అది వినాలంటే జహీరాబాద్ పోవాలె. అక్కడి అల్గోల్ గ్రామంలో 2001 జూన్ 25 నుంచి జూలై 1 దాకా "ప్రజాతీర్పు" జరిగింది. న్యాయనిర్ణేతలు చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది స్త్రీలే. వారి ముందుకొచ్చిన దావా చిన్నదేం కాదు. మెకిన్సే కంపెనీ తోడ్పాటుతో రాష్ట్ర ప్రభుత్వం తయారుచేసిన విజన్ 2020 అది. వ్యవసాయం మీద బతికేవారిని నూటికి 70 నుంచి 40కి తగ్గిస్తామని అందులో రాసుకున్నారు. మిగతా 30 మంది ఎక్కడికి పోవాలె?

అధికారులు, శాస్త్రజ్ఞులు, విత్తన కంపెనీ ప్రతినిధి వచ్చి సాక్ష్యం చెప్పారు. చదువురాని ఆడవాళ్లు వాళ్లను ప్రశ్నలడిగారు. చివరకు జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం, యాంత్రీకరణ వద్దన్నారు. విత్తనం, నేల, అడవి ఊరి అదుపులో ఉండాలన్నారు.

రాష్ట్రానికి డబ్బిస్తున్న బ్రిటన్ సాయసంస్థకు ఈ తీర్పు రుచించలేదు. పద్ధతే సరిగా లేదని తప్పుపట్టింది. నిర్వాహకులు బీటీ వ్యతిరేకులన్నది నిజమే. అయితే అల్గోల్‌నూ వాషింగ్టన్ బస్సునూ ఒకే కొలతతో కొలిచి చూడండి. అల్గోల్‌లో ఎదుటిపక్షంవాడిని పిలిచి విన్నారు, అడ్డుప్రశ్నలు వేయనిచ్చారు, జరిగిందంతా వీడియో తీసి ఉంచారు. బస్సెక్కి వచ్చిన జనానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఉన్నదా? తర్వాత ఈ ప్రాంతపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలే కెమెరాలు పట్టి వరంగల్ పోయారు. అక్కడి బీటీ రైతుల గోడును 2003లో చిత్రంగా తీశారు. 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో పెట్టుకున్నారు. వారి మాటకు వ్యాపార ప్రకటన అవసరం పడలేదు.

ఇదే గడ్డ మీద న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక మండలికి 12,635 ఎకరాలు నిర్ణయించారు. పెద్ద పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతున్నది. ఆ షామియానా కింద మైకు పట్టినవాడు ఏ ఊరివాడో, భూమి పోయేది అతనిదేనో కాదో, వచ్చిన బండికి కిరాయి ఎవరు కట్టారో మినిట్స్‌లో రాయించాలి. నివేదిక మొత్తం తెలుగులో నెల ముందు పంచాయతీకి చేరాలి. అల్గోల్‌లో మాదిరిగా కంపెనీవాడిని నిలబెట్టి అడిగే హక్కు ఆడవాళ్లకుండాలి. రైతు సంఘాలు ముందుగా ఈ మూడింటికే పట్టుబట్టాలి.