కుక్కలు పట్టే బండి ఎందుకు తిరిగి వస్తుంది?

మున్సిపాలిటీ బండి వచ్చి వీధిలో కుక్కల్ని పట్టుకుపోతుంది. వారం పది రోజులు తిరిగేసరికి అవే కుక్కలు మళ్లీ అదే వీధిలో కనిపిస్తాయి. "పట్టుకుపోయినవాళ్లు మళ్లీ తెచ్చి ఎందుకు వదిలారండీ?" అని జనం కోప్పడతారు. కుక్కకాటుతో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది నోట వినిపించే మాట ఇదే. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయాక పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపాలంటేనే తల్లిదండ్రులు భయపడ్డారు.

అయితే కుక్కను తెచ్చి అదే వీధిలో వదలడం నిర్లక్ష్యం కాదు. ఆ పనిలో అదే ముఖ్యభాగం. ఇది అర్థం కావాలంటే కార్పొరేషన్ పశువైద్య విభాగంలో బండ్లను, మనుషులను వెంటబెట్టుకుని వీధుల్లో పని నడిపించే అధికారి ఏ లెక్కతో నడుస్తారో తెలుసుకోవాలి.

రేబీస్ లక్షణాలు బయటపడ్డాక రోగిని బతికించే మందు ఈనాటికీ లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో చనిపోతున్నారని, అందులో దాదాపు మూడోవంతు మన దేశంలోనేనని అంచనా. మనుషులకు వచ్చే రేబీస్‌లో నూటికి 99 వంతులు కుక్కల నుంచే వస్తుంది. కాబట్టి కాటు పడ్డాక ఆసుపత్రిలో మనం చేసేది చివరి కాపలా మాత్రమే. మొదటి కాపలా వీధిలో, కుక్కకు వేసే టీకా దగ్గర ఉంది.

నూటికి డెబ్బై

ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి 70కి తక్కువ కాకుండా టీకా పడితే వాటి మధ్య రేబీస్ పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మరి మిగిలిన 30 కుక్కల సంగతేమిటని అడగవచ్చు. పిచ్చిపట్టిన కుక్క బతికుండే కొద్ది రోజుల్లో కరిచే కుక్కలు కొన్నే. వాటిలో ఎక్కువవాటికి టీకా పడి ఉంటే వ్యాధి ముందుకు పోవడానికి దారి దొరకదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక బస్తీలో 100 కుక్కలున్నాయి, జనవరిలో 70 కుక్కలకు టీకా వేశారనుకుందాం. వీధికుక్క ఆయుష్షు తక్కువ. ఏడాదిలో 30 కుక్కలు చనిపోయి, వాటి స్థానంలో 30 పిల్లలు పుడితే, చనిపోయినవాటిలో టీకా పడినవి 20 దాకా ఉంటాయి. పుట్టిన పిల్లల్లో ఒక్కదానికీ టీకా ఉండదు. మళ్లీ జనవరి వచ్చేసరికి 70 కాస్తా 50కి దిగిపోతుంది. అందుకే టీకా ఏటా వేయాలి, అదీ ప్రాంతమంతా కొద్ది వారాల్లో ముగించాలి. ఒక వీధిలో ఉగాదికి, పక్క వీధిలో దీపావళికి వేస్తే రిజిస్టరులో సంఖ్య బాగానే కనిపిస్తుంది గాని ఏ రోజున చూసినా ఆ ప్రాంతంలో 70 ఉండదు.

కుక్కల కుని ఆపరేషన్ అవసరం కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఆడకుక్క రెండు నెలలు మోసి ఈనుతుంది, ఏడాదికి రెండు ఈతలు కూడా ఈనగలదు. పిల్లలు తగ్గితే టీకా లేని కుక్కలు తగ్గుతాయి, వేసిన టీకా ఎక్కువ కాలం పనికొస్తుంది. పిల్లల్ని కాపాడుకునే తల్లి దగ్గరికి పోయి కాటు తినేవాళ్ల సంఖ్య కూడా తగ్గుతుంది.

వీధిలో పని ఎలా జరుగుతుంది?

పనిని నడిపించే అధికారి ముందు చేయవలసింది కుక్కల్ని పట్టడం కాదు, లెక్కించడం. తెల్లవారుజామున రద్దీ మొదలవకముందు వీధివీధీ తిరిగి ఎన్ని కుక్కలున్నాయి, ఆడవెన్ని మగవెన్ని, పాలిచ్చే తల్లులెన్ని, ఏ చెత్తకుండీ దగ్గర, ఏ చికెన్ షాపు వెనుక గుంపుగా ఉంటున్నాయి అని రాసుకుంటారు. ఇది లేకుండా బయలుదేరిన బండి సులభంగా దొరికే సాధు కుక్కలను మాత్రమే పట్టుకొస్తుంది. మనిషిని చూసి పారిపోయే కుక్కలు టీకా లేకుండానే మిగిలిపోతాయి.

తరువాత ఆ వీధివాళ్లకు ముందుగా చెప్పాలి. మన దేశంలో 2001లో వచ్చిన వీధికుక్కల జనన నియంత్రణ నిబంధనల్లోనే ఈ మాట ఉంది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. చెప్పకుండా వెళితే కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు బండికి అడ్డం పడతారు, కుక్కలంటే గిట్టనివాళ్లు రాళ్లేసి వాటిని చెదరగొడతారు. రెండు విధాలా ఆ రోజు పని చెడుతుంది. చెప్పి వెళితే, రోజూ అన్నం పెట్టే ఆవిడే పేరుపెట్టి పిలిచి కుక్కను పట్టిస్తుంది.

పట్టడానికి వల వాడాలి, లేదా అనుభవం ఉన్నవాళ్లు చేతులతో పట్టాలి. ఇనుప పటకార్లు, తీగ ఉచ్చులు వాడకూడదు. మెడ నొక్కుకుపోయి గిలగిల కొట్టుకున్న కుక్క మళ్లీ జన్మలో మనిషిని దగ్గరికి రానివ్వదు, వచ్చే ఏడాది టీకాకూ దొరకదు.

పట్టిన కుక్కను బోనులో వేసేముందు ఏ వీధిలో, ఏ ఇంటి ఎదుట పట్టారో రాసి నంబరు కట్టాలి. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అతి ముఖ్యమైన గీత ఇదే. ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరించి, పుండు మానేదాకా ఉంచుకుని కుక్కను వదిలేటప్పుడు ఆ రాతే ఆధారం. తెలియని చోట వదిలిన కుక్కను అక్కడి కుక్కలు తరుముతాయి. తిండి లేక, బెదిరిపోయి తిరిగే కుక్క కరిచే అవకాశం ఎక్కువ. తన చోట వదిలిన కుక్కయితే పరాయి కుక్కలను లోపలికి రానివ్వదు. టీకా పడిన కుక్క ఆ వీధికి ఒకరకంగా కంచె. ఆ కంచెను తీసేస్తే చెత్తకుండీలో తిండి అలాగే ఉంటుంది కాబట్టి పక్క వీధి నుంచి టీకా లేని కుక్క వస్తుంది.

చంపి చూసినవాళ్లున్నారు

ఈ మాట నమ్మబుద్ధి కానివాళ్లకు అనుభవాలే చెప్పాలి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవికి 1997లో రేబీస్ వచ్చింది. దీవిలోని కుక్కల్లో సగం దాకా చంపారు, వ్యాధి మాత్రం పోలేదు. అదే దేశంలోని బాలి దీవికి 2008లో రేబీస్ వచ్చినప్పుడు మొదట అక్కడా కుక్కల్ని చంపారు. తరువాత 2010లో దీవి అంతటా టీకాలు మొదలుపెట్టాకే మరణాలు బాగా తగ్గాయి. మన పక్కన మద్రాసులోనూ దశాబ్దాల తరబడి కార్పొరేషన్ కుక్కల్ని చంపింది. ఆపరేషన్ చేసి వదిలేద్దామని బ్లూక్రాస్ సంస్థ 1964 నుంచి చెబుతూ వస్తే, కార్పొరేషన్ ఒప్పుకున్నది 1996లో.

మన దేశంలో బాగా చేసి చూపించింది గోవా. అక్కడి ప్రభుత్వం, మిషన్ రేబీస్ సంస్థ కలిసి టీకాలనే ముందు పెట్టుకున్నాయి. ఒక్కో కుక్కకు ఆపరేషన్ చేసి, కోలుకునేదాకా ఉంచుకోవాలంటే రోజుకు కొద్ది కుక్కలే అవుతాయి. టీకా అయితే వలవేసి పట్టి, అక్కడికక్కడే వేసి, ఒంటిమీద రంగు గుర్తు పెట్టి, వెంటనే వదిలేయవచ్చు. తరువాత వీధుల్లో తిరిగి, కనిపించిన కుక్కల్లో నూటికెన్నింటికి రంగు ఉందో లెక్కిస్తారు. 70కి తక్కువ వచ్చిన చోటికి మళ్లీ వల తీసుకుని వెళతారు. 2017 తరువాత కొన్నేళ్లపాటు గోవాలో మనుషుల్లో రేబీస్ మరణం నమోదు కాలేదు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. వాళ్ల టీకా మనకూ దొరికేదే. తేడా అంతా ఆ రెండోసారి లెక్కించడంలో ఉంది.

ఫిర్యాదుల వెంట పరుగు

ఇంత తెలిసినా చాలా ఊళ్లలో పని ఇలా జరగదు. కారణం ఫోన్లు. ఉదయం ఒక కాలనీ నుంచి ఫిర్యాదు, గంటకు ఊరి ఆ చివర నుంచి మరొకటి, మధ్యాహ్నం ఒక పెద్దమనిషి ఇంటి నుంచి ఇంకొకటి. బండి రోజంతా తిరిగి మూడు చోట్ల ఆరు కుక్కల్ని తెస్తుంది. ఎక్కడా 70 పూర్తికాదు. గట్టి అధికారి బండ్లలో ఎక్కువవాటిని వార్డు ప్రకారం నడిపి, ఒకదాన్ని మాత్రం ఫిర్యాదులకు విడిగా పెడతారు. ఆ ఫిర్యాదుల్లోనూ "రాత్రంతా మొరుగుతోంది" అన్నది ఆగగలదు. "ఒకే కుక్క ముగ్గురిని కరిచింది, చొంగ కారుతోంది, నడక తూలుతోంది" అన్నది ఒక్క గంట కూడా ఆగకూడదు. అలాంటి కుక్కను వేరుగా బంధించి ఉంచాలి, మళ్లీ వీధిలోకి వదలకూడదు. పిచ్చి ముదిరిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది.

బండిమీద పనిచేసేవాళ్ల గురించి ఒక మాట. వాళ్లలో కాంట్రాక్టు కూలీలు కూడా ఉంటారు. కాటు పడకముందే వాళ్లకు నివారణ టీకా పూర్తిచేయించాలి. చేతికి తొడుగుల్లేకుండా, టీకా లేకుండా మనిషిని కుక్క మీదికి పంపే అధికారి ఎన్ని కుక్కల్ని పట్టించినా ఆ పనికి తగినవారు కారు.

ఆసుపత్రికి, బండికి మధ్య

కరిచిన కుక్క సమాచారం ముందుగా చేరేది ఆసుపత్రికే. అది ఓ.పి. చీటీలోనే ఉండిపోతే బండి నడిపే అధికారికి తెలియదు. అందుకని కాటుతో వచ్చినప్పుడు ఏ వీధిలో, ఏ సమయంలో, కుక్క రంగు ఏమిటి, చెవి కొన కత్తిరించి ఉందా, రెచ్చగొట్టకుండానే కరిచిందా, ఇంకెవరినైనా కరిచిందా అని చెప్పండి. మున్సిపాలిటీకీ అవే వివరాలు ఇవ్వండి. చెవి కత్తిరించి ఉంటే దానికి ఒకసారి ఆపరేషన్, టీకా అయ్యాయని అర్థం. ఈ ఏడాది టీకా పడిందని మాత్రం కాదు. అందువల్ల చెవి చూసి ఇంజెక్షన్ మానకండి.

ఆసుపత్రి ఆవరణలో మిగిలిన అన్నం పారవేయడం కూడా కుక్కల్ని పిలవడమే. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, పాఠశాలలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి వీధికుక్కల్ని తరలించాలని, వాటిని తిరిగి అక్కడే వదలవద్దని ఆదేశించింది. మామూలు వీధుల విషయంలో అంతకుముందు ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు వేరు. ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలని, రేబీస్ ఉన్నవాటిని, ఉందని అనుమానమున్నవాటిని, దాడిచేసే స్వభావం గలవాటిని మాత్రం వదలవద్దని అందులో ఉంది.

కరిచినా, గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు, కిరోసిన్ ఏదీ పూయవద్దు. గాయం చర్మం లోపలికి దిగి రక్తం వస్తే వ్యాక్సిన్‌తోపాటు గాయంలోనూ చుట్టూనూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయవలసి ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా కొందరికి ఉంది. ఆ పాత మందు వాడకం మన దేశంలో 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పుడు చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో చేతికి వేస్తారు. మొదటి సూది వేసిన రోజే 0. కరిచిన కుక్కను పది రోజులు గమనించమని డాక్టరు చెబితే, అది ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చేయవలసిన పని. పదో రోజున కుక్క బాగానే తిని తిరుగుతుంటే ఆ సంగతి వచ్చి చెప్పండి. మిగిలిన డోసులు అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు.