ఉత్తర కరేలియా వంటిండ్లు

ఫిన్లండు దేశపు తూర్పున రష్యా సరిహద్దు నానుకొని, అడవులతోను సరస్సులతోను నిండియున్న ఉత్తర కరేలియా సీమలో, చెట్లు నరకి, మంచులో నడచి కండలు పెంచిన పురుషులు నడివయస్సున హఠాత్తుగా గుండె ఆగి మరణించుట 1960 దశాబ్దమున సర్వసాధారణమై యుండెను. శరీరశ్రమ చేయువానిని గుండెజబ్బు అంటదని నమ్మువారికి ఇది విస్మయకరముగా తోచును గాని, వారి భోజనపు బల్లను చూచిన పిదప విస్మయమునకు తావు లేదు. రొట్టెపై దళముగా పూసిన వెన్న, మీగడ తీయని పాలు, కొవ్వుమాంసము, ఆహారమును నిలువచేయుటలో తరతరములుగా నాలుకకు మరగిన ఉప్పు, వీనికి తోడు పొగాకు! యుద్ధానంతరము లేమి తీరి పాడి పెరిగిన ఆ యిండ్లలో వెన్న సమృద్ధికి చిహ్నము. ఇల్లాలు దానిని ప్రేమతోనే వడ్డించుచుండెను.

వెన్నలోని సంతృప్తపు కొవ్వు రక్తమున కొలెస్టరాలును హెచ్చించును. అది ధమనుల గోడలలో పేరుకొని రక్తపు దారిని ఇరుకు చేయును. ఉప్పు వలన పెరిగిన రక్తపుపోటు ఆ గోడలనే ఒత్తును. పొగ వానిని గాయపరచును.

1971లో ఆ సీమవారు తమ్ము కాపాడుమని ప్రభుత్వమునకు విన్నపము పంపగా, మరుసటి యేట పెక్కా పుస్కా అను యువవైద్యుని నాయకత్వమున ఒక బృహత్కార్యము ఆరంభమైనది. ఆయన రోగిని ఒంటరిగా నిలిపి మందలించుటతో తృప్తి చెందక, ఊరి నంతటిని కదలించెను. మార్తా అను మహిళాసంఘపు గృహిణులు పాత వంటకములనే కొవ్వు తగ్గించి, కూరగాయలు చేర్చి వండి, ఊరివారిని పిలిచి రుచి చూపిరి. సాసేజీలు తయారుచేయువారు కొంత కొవ్వునకు బదులు పుట్టగొడుగులు కలిపిరి. కొలెస్టరాలు ఎక్కువగా తగ్గించు గ్రామమేదో తేల్చుటకు పోటీలు జరిగెను. వెన్న అమ్మకము పడిపోయినచో పాడిరైతు గతి యేమి? ఈ ప్రశ్నను త్రోసివేయక, ఆ చలినేలలో పండు బెర్రీపండ్ల సాగునకు ప్రోత్సాహమిచ్చుట యందే పుస్కా వివేకము నాకు మిక్కిలి గోచరించును.

సుమారు 40 ఏండ్లలో, పనిచేయు వయస్సు పురుషులలో గుండెజబ్బు మరణములు నూటికి 80 వంతులకు మించి తగ్గెను. చికిత్సయు మెరుగుపడినమాట నిజమే గాని, కొలెస్టరాలు తగ్గుట ఇందుకు ప్రధానకారణము.

అక్కడ ఊరంతయు కలిసి భోజనమును మార్చుకొనగా, మన యిండ్లలో రక్తపుపోటు వచ్చినవానికి మాత్రము చప్పిడి కూర వేరుగా వండి, తక్కినవారు అదే పంక్తిని కూర్చుండి ఆవకాయ, అప్పడములు యథాప్రకారము భుజింతురు. ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది రోగులకే కాదు, వయస్సు వచ్చిన వారందరికిని. ఇంటిల్లిపాది నోరూరించుచుండగా ఆ యొక్కడు నాలుగు దినములు ఓర్చి, అయిదవ నాడు జాడీలో చేయి పెట్టినచో, వానికి నిగ్రహము లేదని నిందించుచున్నాము.