ఎడమకాలికి విశ్రాంతి

కారు నడుపుట నేర్చుకొనువానికి తొలి గండము క్లచ్. ఎడమకాలితో దానిని తొక్కి, ఎడమచేతితో గేరు మార్చి, కుడికాలితో యాక్సిలరేటరును కొద్దిగా నొక్కుచు, ఎడమకాలిని మెల్లమెల్లగా వదలవలెను. ఈ అవయవముల నడుమ పొత్తు కుదరనిచో కారు కప్పవలె ఒక్క గెంతు గెంతి ఆగిపోవును. వెనుకనున్న ఆటోవాడు హారను మ్రోగించును; నేర్చుకొనువానికి ముచ్చెమటలు పోయును. పోనీ, విద్య బాగుగా పట్టుబడినదనుకొందము. హైదరాబాదు అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజి సర్కిల్ వద్దనో సాయంకాలపు రద్దీలో చిక్కుకొన్నవాని ఎడమ మోకాలికి ఆ విద్యయే శిక్ష యగును.

అసలు ఈ క్లచ్ ఎందుకు? సైకిలు ఆగినప్పుడు తొక్కుటయు ఆపవచ్చును. పెట్రోలు ఇంజను సంగతి అట్లు కాదు. కారు నిలిచియున్నను అది తిరుగుచునే యుండవలెను. కొంత వేగమునకు దిగువకు పోయినచో ఆగిపోవును. కావున ఇంజనుకును చక్రములకును నడుమ కలుపుటకును విడదీయుటకును వీలైన బంధ మొకటి కావలసివచ్చినది. ఇంజనుతో తిరుగు చక్రమొకటి, దానికి స్ప్రింగుల బలముచే అదుముకొనియుండు పళ్లెమొకటి. కాలు తొక్కినచో రెండును విడిపోవును. మెల్లగా వదలినచో కొంతసేపు ఒరసుకొని, పిమ్మట ఒక్కటిగా తిరుగును. ఆ ఒరపిడిలో వేడి పుట్టును. ఈ వేడి సంగతి చదువరులు గుర్తుంచుకొనవలెను.

ఎడమకాలి శ్రమను తప్పింపవలెనను కోరిక పాతదే. 1939లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 'హైడ్రామాటిక్' అను గేరుబాక్సును లోకమునకు చూపినది. అందు పళ్లెముల ఒరపిడికి మారుగా నూనె ప్రవాహము శక్తిని అందించును. సుఖమైన ఏర్పాటే. కాని ఆ జాతి యంత్రములు బరువైనవి, ఖరీదైనవి, పైగా పెట్రోలును ఎక్కువగా త్రాగునవి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని మొదట అడిగి, కారు రంగును తరువాత అడుగు మన గృహస్థునకు అవి చిరకాలము అందని పండ్లే.

మరియొక మార్గము పందెపు కార్లనుండి వచ్చినది. పాత గేరుబాక్సును పాత క్లచ్‌ను ఉన్నవి ఉన్నట్లే ఉంచి, మనిషి కాలు చేయి చేయు పనిని మాత్రము యంత్రమునకు అప్పగించుటయే ఆ ఉపాయము. జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ కారులో స్టీరింగు వెనుకనున్న మీటను వ్రేలితో లాగినచో చాలు, గేరు మారెడిది. పరీక్షలలో అది పదేపదే మొరాయించినది. అయినను 1989 మార్చిలో బ్రెజిల్ పందెమున నైజెల్ మాన్సెల్ ఆ కారుతోనే గెలిచెను. ఆ ఏడాది తరువాతి పందెములలో అది అతనిని నడిదారిలో నిలబెట్టుటయు కద్దు.

ఇరువదియైదేండ్లకు, 2014 ఫిబ్రవరిలో, ఇదే సూత్రము గ్రేటర్ నోయిడా వాహన ప్రదర్శనలో మారుతి సెలేరియో అను చిన్నకారులో కనబడినది. 998 సి.సి. ఇంజను, మూడు సిలిండర్లు, ఐదు గేర్లు. గేర్లను మార్చు పరికరములు ఇటలీకి చెందిన మాగ్నెటి మరెల్లి సంస్థవి. అధికారిక పరీక్షలో లీటరుకు 23.1 కిలోమీటర్లు, చేతితో గేర్లు మార్చు సెలేరియోకును అంతే. అనగా సుఖమునకై పెట్రోలు రూపమున చెల్లింపవలసిన సుంకము లేదన్నమాట. మారుతి 800 తయారీ ఆగినదియు, అంబాసిడరు తయారీ ఆగినదియు ఆ 2014లోనే. తరువాత ఆల్టో, నానో, క్విడ్, టియాగో మున్నగు చిన్నకార్లును ఈ బాటనే పట్టినవి.

ఇట్టి కారులో పెడళ్లు రెండే. లోన కంప్యూటరు ఇంజను జోరు తగ్గించి, క్లచ్ విడదీసి, గేరు మార్చి, మరల క్లచ్ కలుపును. ఆ రెప్పపాటు కాలము ఇంజను బలము చక్రములకు అందదు. అప్పుడు లోన కూర్చున్నవారి తలలు గంగిరెద్దు తలవలె ముందునకు ఊగును. కొందరు దీనిని పెద్ద దోషముగా ఎంచి నవ్వుదురు. ఆ నవ్వు కొంత అన్యాయము. గేరు మారబోవు క్షణమున కుడికాలిని ఇంచుక ఎత్తినచో ఊపు చాలవరకు తగ్గును. వారము దినములలో డ్రైవరునకు ఆ క్షణము చెవికే తెలియవచ్చును.

ఎదురుగా బస్సు వచ్చుచుండగా ఇరుకైన జిల్లా రోడ్డుపై లారీని దాటవలసివచ్చినప్పుడు మాత్రము ఇది నవ్వులాట కాదు. యాక్సిలరేటరును గట్టిగా నొక్కినను, గేరు దిగి బలమందుటకు కొంత ఆలస్యమగును. ముందే మీటను 'ఎం' అను స్థానమునకు జరిపి, స్వయముగా గేరు తగ్గించి సిద్ధముగా నుండుట మేలు. తిరుమల కొండ దిగునప్పుడును అంతే. చిన్న గేరులో ఉంచినచో ఇంజనే కారును పట్టి ఉంచును, బ్రేకులు వేడెక్కవు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఎత్తు రోడ్డు. బంజారాహిల్స్ వాలుపై వాహనముల బారు నిలిచినదనుకొనుడు. బ్రేకు వదలి యాక్సిలరేటరు తొక్కులోపల కారు వెనుకకు జారవచ్చును. అందులకు భయపడి కొందరు యాక్సిలరేటరును కొంచెము నొక్కిపట్టి, కారును వాలుపై నిశ్చలముగా నిలుపుదురు. చూచువారికది నేర్పువలె తోచును. లోన క్లచ్ పళ్లెము ఒరసుకొని మాడుచుండును. పైన చెప్పిన వేడి ఇదే. వాలుపై నిలుపవలసినది బ్రేకు. కదలునప్పుడు హ్యాండ్‌బ్రేకు సాయము తీసికొనవలెను. తొలి సెలేరియోలో కారు జారకుండ పట్టి ఉంచు ఏర్పాటు లేకుండెను. 2021లో వచ్చిన కొత్త సెలేరియోలో చేర్చినారు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పించుకొనుచున్న కారు ఎవరికి కావలెను? పోలియో వలన ఎడమకాలు చచ్చుబడినవానికి కావలెను. అట్టివారు మునుపు మామూలు కారును కొని, క్లచ్‌ను చేతితో నడుపునట్లు మార్పించుకొనెడివారు, లేదా ఖరీదైన ఆటోమేటిక్ కారునకై డబ్బు కూడబెట్టుకొనెడివారు. కీళ్లనొప్పులతో కారు తాళములు కొడుకునకు అప్పగించి, బజారునకు పోవుటకైనను అతని తీరికకై కాచుకొను విశ్రాంత ఉపాధ్యాయునకు కావలెను. తల ఊగునని వీరెవ్వరును ఫిర్యాదు చేయరు.

క్లచ్ ఎన్నడో ఒకనాడు అరుగక తప్పదు. మామూలు కారులోనిదియు అంతే. మార్చవలసివచ్చినప్పుడు ఒక తేడా ఉన్నది. పళ్లెము బిగించుట తెలిసిన మెకానిక్కు ప్రతి పేటలోను దొరకును. కాని బిగించిన పిమ్మట, కొత్త క్లచ్ ఎంత దూరమున పట్టుకొనునో, ఎంత దూరమున వదలునో కంప్యూటరునకు మరల మొదటినుండి నేర్పవలెను. అందులకు వేరే పరికరము కావలెను. అది ఏ షాపులో ఉన్నదో కారు కొనునాడే అడిగి తెలిసికొనుట మంచిది.