కణకవచాన్ని కోసే ఎంజైములు: బాక్టీరియాలలో ఉత్పత్తి, నియంత్రణ, ఆత్మరక్షణ

వ్యాససంగ్రహం:
బాక్టీరియా కణం పగిలిపోకుండా కాపాడేది దాని చుట్టూ ఉన్న పెప్టిడోగ్లైకాన్ కవచం. ఈ కవచాన్ని ఛేదించే ఎంజైములు మనిషి కన్నీటిలో ఉన్నట్లే బాక్టీరియాలలోనూ ఉన్నాయి. తమను చంపగల ఎంజైములను బాక్టీరియాలు ఎందుకు తయారుచేసుకుంటాయి, వాటి బారి నుండి ఎలా తప్పించుకుంటాయి అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం కలిపి పరిశీలిస్తుంది. ఎషెరీషియా కోలై, స్టాఫిలోకాకస్, న్యుమోకాకస్ బాక్టీరియాల ఉదాహరణలతో ఉత్పత్తి, రక్షణ అనేవి ఒకదానినుండి మరొకటి విడదీయరానివని వివరిస్తుంది. యాంటీబయాటిక్ చికిత్స గురించి తెలుగులో రాసేటప్పుడు ‘నిరోధకత’, ‘సహనం’ అనే మాటలను వేరుచేసి వాడవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: కణకవచం, పెప్టిడోగ్లైకాన్, లైసోజైము, ఎండోపెప్టిడేజు, లైసోస్టాఫిన్, నిరోధకత, సహనం.

1. ప్రవేశిక:
1921లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పనిచేస్తున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, ముక్కు స్రావంలోని ఒక పదార్థం ఒకరకం బాక్టీరియాను కరిగించివేయడాన్ని గమనించాడు. 1922లో ప్రచురించిన పత్రంలో ఆ పదార్థాన్ని ‘లైసోజైము’ అని పిలిచాడు. కన్నీటిలో, లాలాజలంలో, కోడిగుడ్డు తెల్లసొనలో కూడా అది ఉన్నదని తేలింది. అయితే లైసోజైముకు తేలికగా లొంగినవాటిలో ఎక్కువభాగం మనిషికి హాని చేయని బాక్టీరియాలే. వ్యాధికారకాలలో అనేకం దానిని తట్టుకున్నాయి. 1928లో ఫ్లెమింగే గుర్తించిన పెన్సిలిన్ ముందు లైసోజైము ప్రాముఖ్యం మరుగున పడింది.

ఈ రెండు ఆవిష్కరణలూ ఒకే గోడకు సంబంధించినవి. లైసోజైము కట్టి ఉన్న గోడను కోస్తుంది. పెన్సిలిన్ కొత్తగా కట్టే గోడను అడ్డుకుంటుంది. ఈ రెండింటి నడుమ మూడవ పాత్ర ఒకటుంది. అది బాక్టీరియా స్వయంగా తయారుచేసుకునే ఛేదక ఎంజైము. కోసే ఎంజైము లేకపోతే బాక్టీరియా ఎదగలేదు, దానిపై అదుపు తప్పితే బతకలేదు. ఈ వ్యాసంలోని చర్చకు మూలసూత్రం ఇదే.

2. కణకవచ నిర్మాణం – కోతకు అనువైన స్థానాలు:
పెప్టిడోగ్లైకాన్‌ను కణం చుట్టూ అల్లిన వలగా భావించవచ్చు. ఈ వలలో పొడవాటి దారాలు చక్కెర గొలుసులు. ఎన్-అసిటైల్ గ్లూకోసమిన్, ఎన్-అసిటైల్ మురామిక్ ఆమ్లం అనే రెండు చక్కెరలు ఒకదాని తరువాత ఒకటిగా చేరి ఈ గొలుసులు ఏర్పడతాయి. మురామిక్ ఆమ్లం నుండి కొద్ది అమైనో ఆమ్లాలతో కూడిన పెప్టైడు శాఖ వెలువడుతుంది. పక్కపక్క గొలుసుల పెప్టైడు శాఖలు ఒకదానితో ఒకటి ముడిపడినప్పుడు వల పూర్తవుతుంది. కణం లోపలి ద్రవాభిసరణ పీడనం త్వచాన్ని నిరంతరం బయటికి నెడుతుంది. ఆ ఒత్తిడిని మోసేది ఈ వలే.

కోసే చోటును బట్టి ఎంజైములు ప్రధానంగా మూడు తరగతులు. చక్కెర గొలుసును తెంపేవి మొదటి తరగతి. రెండు చక్కెరల మధ్య బంధాన్ని కోసే లైసోజైము దీనికి చెందుతుంది. చక్కెర నుండి పెప్టైడు శాఖను వేరుచేసే అమిడేజులు రెండవ తరగతి. పెప్టైడు శాఖలోని బంధాలను, శాఖల మధ్య ముడులను విప్పే ఎండోపెప్టిడేజులు మూడవ తరగతి.

3. ఎదుగుదలకు కోత అవసరం:
అనుకూల పరిస్థితులలో ఎషెరీషియా కోలై సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా విభజన చెందుతుంది. అంత తక్కువ వ్యవధిలో గోడ వైశాల్యం రెట్టింపు కావాలి. కానీ వల అన్నివైపులా ముడిపడి ఉంది. కొత్త దారం చేరాలంటే పాత ముడి ఎక్కడో విడిపోవాలి. ఒత్తిడిలో ఉన్న వలలో ముడి విప్పడమంటే చిల్లుపడే ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

ఈ అంశంపై కీలకమైన పరిశోధన హైదరాబాదులోని సీసీఎంబీలో జరిగింది. మంజులా రెడ్డి నాయకత్వంలోని బృందం 2012లో మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్ అనే మూడు ఎండోపెప్టిడేజుల పాత్రను నిరూపించింది. వీటిలో ఏదో ఒకటి లోపిస్తే మిగిలినవి ఆ పనిని చేయగలవు. మూడూ లేనప్పుడు కొత్త పెప్టిడోగ్లైకాన్ గోడలో చేరలేదు, కణాలు పగిలిపోయాయి. కోసే ఎంజైములు లేకపోవడం వల్ల గోడ బలపడలేదు సరికదా, కూలిపోయింది. కోత అనేది నిర్మాణంలో భాగమని ఈ ఫలితం స్పష్టం చేసింది. కణకవచ నిర్మాణంపై చేసిన కృషికి మంజులా రెడ్డికి 2019లో జీవశాస్త్ర విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

ఎంజైము ఎంత ఉండాలన్నది తరువాతి ప్రశ్న. 2015లో అదే బృందం మెప్‌ఎస్‌పై అదుపు ఎలా ఉంటుందో వివరించింది. ఎన్‌ఎల్‌పీఐ అనే ప్రోటీను మెప్‌ఎస్‌ను పట్టి, పీఆర్‌సీ అనే ప్రోటీన్‌ఛేదక ఎంజైముకు అప్పగిస్తుంది. పీఆర్‌సీ దానిని ముక్కలు చేస్తుంది. గోడను కోసే ఎంజైమును కోయడానికి మరో ఎంజైము ఉన్నదన్నమాట.

కణవిభజన చివరిలో పిల్లకణాలను విడదీసే అమిడేజులకు మరోవిధమైన అదుపు ఉంది. అవి తమంతట తాము దాదాపు నిష్క్రియంగా ఉంటాయి. విభజన స్థానానికి చేరిన ఉత్తేజక ప్రోటీన్లు తోడైనప్పుడే పనిచేస్తాయి. ఈ అమిడేజులు లోపించిన ఇ. కోలై కణాలు విడిపోలేక గొలుసులుగా మిగిలిపోతాయి. పరిమాణంపై, స్థానంపై, సమయంపై అమలయ్యే ఈ అదుపే సొంత ఎంజైము నుండి బాక్టీరియాకు మొదటి రక్షణ.

4. ఆయుధంగా ఎంజైము – ప్రయోగించేవారి రక్షణ:
కొన్ని బాక్టీరియాలు ఇదే ఎంజైమును పోటీదారులపై ప్రయోగిస్తాయి. 1964లో వెల్లడైన లైసోస్టాఫిన్ దీనికి మంచి ఉదాహరణ. దీనిని స్టాఫిలోకాకస్ సిములాన్స్‌లోని ఒక రకం విడుదల చేస్తుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ గోడలో పెప్టైడు శాఖలను కలిపే వంతెన ఐదు గ్లైసిన్‌లతో ఏర్పడుతుంది. లైసోస్టాఫిన్ సరిగ్గా ఆ వంతెననే కోస్తుంది.

ఉత్పత్తిదారు గోడ కూడా ఇదే తరహాది కనుక తన ఎంజైముకు తానే బలి కావలసి ఉంది. ఈ ప్రమాదాన్ని అది రెండు విధాల తప్పించుకుంటుంది. మొదటిది, ఎంజైము అదనపు భాగంతో కూడిన పూర్వరూపంలో వెలువడుతుంది. కణం వెలుపల ఆ భాగం తొలగిన తరువాతనే పూర్తి చురుకుదనం పొందుతుంది. రెండవది, లిఫ్ అనే ప్రోటీను వంతెనలోని మూడవ, ఐదవ స్థానాలలో గ్లైసిన్‌కు బదులు సెరీన్‌ను చేరుస్తుంది. అటువంటి వంతెనను లైసోస్టాఫిన్ సులువుగా కోయలేదు. లైసోస్టాఫిన్ జన్యువు, లిఫ్ జన్యువు ఒకే ప్లాస్మిడ్‌పై పక్కపక్కన ఉంటాయి. ఆయుధం, కవచం కలిసే సంక్రమిస్తాయి.

న్యుమోకాకస్‌లో ఈ ఆయుధం సొంత జాతిపైకే తిరుగుతుంది. బయటి డీఎన్ఏను స్వీకరించడానికి సిద్ధమైన కణాలు సీబీపీడీ అనే ఎంజైమును విడుదల చేసి, ఆ స్థితికి చేరని సోదర కణాలను ఛేదిస్తాయి. వాటినుండి వెలువడిన డీఎన్ఏ దాడిచేసిన కణాలకు అందుతుంది. దాడిచేసే కణాలు అదే సమయంలో కామ్-ఎం అనే రక్షక ప్రోటీనును తయారుచేసుకుంటాయి. కత్తి దూసే సంకేతమే డాలును కూడా సిద్ధం చేస్తుంది.

5. ఆతిథేయి ఎంజైముకు ఎదురునిలవడం:
మనిషి శరీరంలోని లైసోజైమును వ్యాధికారకాలు తట్టుకునే మార్గాలు మూడు. మొదటిది, కోతకు గురయ్యే చక్కెర రూపాన్ని మార్చడం. స్టాఫిలోకాకస్ ఆరియస్ తన మురామిక్ ఆమ్లానికి ఓట్-ఏ అనే ఎంజైము ద్వారా అసిటైల్ సమూహాన్ని చేరుస్తుంది. న్యుమోకాకస్ పీజీడీ-ఏ అనే ఎంజైముతో గ్లూకోసమిన్ నుండి అసిటైల్ సమూహాన్ని తొలగిస్తుంది. ఒకటి చేర్పు, మరొకటి తీసివేత. ఫలితం మాత్రం ఒకటే. రెండవ మార్గం, ఎంజైమును బంధించే నిరోధక ప్రోటీను. ఇ. కోలైలోని ‘ఐవీ’ ఇటువంటిది. మూడవది, ఎంజైమును గోడ వరకు రానీయకపోవడం. గ్రామ్-నెగెటివ్ బాక్టీరియాల బాహ్యత్వచం ఈ పని చేస్తుంది.

ఇటువంటి మార్పులకు మూల్యం ఉంటుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో ఫెమ్-ఏ జన్యువు దెబ్బతింటే ఐదు గ్లైసిన్‌ల వంతెన ఒకే గ్లైసిన్‌కు కుదించుకుపోతుంది. అప్పుడు లైసోస్టాఫిన్‌కు కోయడానికి చోటు దొరకదు. అయితే మెథిసిలిన్‌ను ఎదిరించే రకాలు ఈ మార్పు చెందినప్పుడు మళ్ళీ ఆ తరగతి మందులకు లొంగిపోతాయి. ఒక ద్వారాన్ని మూసుకునే ప్రయత్నంలో మరో ద్వారం తెరుచుకుంటుంది. రెండు మందులను కలిపి వాడే ఆలోచనకు ఇటువంటి పరిశీలనలే ఆధారం.

6. నిరోధకత, సహనం:
పెన్సిలిన్ కొత్త ముడులు పడనీయదు. అయినా కణం పగిలిపోవడంలో సొంత ఎంజైముల పాత్ర పెద్దది. 1970లో అలెగ్జాండర్ టోమాజ్, సహచరులు సొంత ఛేదక వ్యవస్థ అణగిపోయిన న్యుమోకాకస్‌ను పరిశీలించారు. పెన్సిలిన్ సమక్షంలో వాటి ఎదుగుదల ఆగింది, కాని కణాలు కరగలేదు. మందు గోడ కట్టడాన్ని ఆపినా, కూల్చే పనివాడు రాలేదు.

ఇక్కడ రెండు స్థితులను వేరుచేయాలి. మందు ఉన్నా పెరగగలగడం నిరోధకత. పెరుగుదల ఆగినా త్వరగా చావకుండా నిలవడం సహనం. మొదటిది ఎదుగుదలను కొలిచే సాధారణ ప్రయోగశాల పరీక్షలో బయటపడుతుంది. రెండవది ఆ పరీక్షకు దొరకదు, ఎందుకంటే సహనం గల కణాలు కూడా మందు సమక్షంలో పెరగవు. మందు తొలగిన తరువాత మిగిలిన కణాలు తిరిగి వృద్ధి చెందవచ్చు. మందు పనిచేస్తున్నదని పరీక్ష చెప్పినా జబ్బు తిరగబెట్టడానికి ఇది ఒక కారణం కాగలదు. తెలుగులో ఈ రెండింటినీ ‘మందుకు లొంగకపోవడం’ అనే ఒకే మాటతో చెబితే, ఈ తేడా పాఠకుడికి చేరదు.

7. ముగింపు:
కణకవచాన్ని కోసే ఎంజైము బాక్టీరియాకు పరాయిది కాదు. ఎదుగుదలకు పనిముట్టు, పోటీలో ఆయుధం, అదుపు తప్పితే మృత్యువు అదే. కనుక దానిని ఉత్పత్తి చేసే ప్రతి ఏర్పాటుకూ పక్కనే దానిని నిలువరించే ఏర్పాటు ఉంది. మెప్‌ఎస్‌కు పీఆర్‌సీ, లైసోస్టాఫిన్‌కు లిఫ్, సీబీపీడీకి కామ్-ఎం. ఈ జంటలను విడదీయగలిగితే బాక్టీరియాను దాని సొంత ఎంజైముతోనే నిర్జించే అవకాశం ఉంటుంది. కొత్త మందుల అన్వేషణలో ఈ దిశకు ఉన్న ప్రాధాన్యం అదే. ఆ అన్వేషణ గురించి తెలుగులో బోధించేవారు, రాసేవారు నిరోధకత, సహనం, ఉత్పత్తిదారు ఆత్మరక్షణ అనే మూడు భావనలకు మూడు మాటలను స్థిరంగా వాడడం అవసరం. పదం కలగాపులగమైతే భావం కూడా కలగాపులగమవుతుంది. చికిత్సకు సంబంధించిన విషయంలో ఆ నష్టం చిన్నది కాదు.