కాఫీశాలయు చాపకూడును

ఆదివారము మధ్యాహ్నము భోజనానంతరము నరసరావుపేటవంటి పట్టణములలో అలంకృతమైన కాఫీశాలకు పోయి రెండు గంటలు కాలక్షేపము చేయుట నేటి యువజనులకు వేడుకయైనది. చల్లని గది, మెత్తని ఆసనము, కప్పులో నురుగు, చుట్టును మిత్రులు. ఇది దుబారాయనియు, సోమరితనమనియు కొందఱు పెద్దలు గర్హించుచున్నారు. మేము వారితో ఏకీభవింపజాలము. పల్నాటి యెండ నెఱిగినవారు నీడపట్టున కూర్చుండి మాటలాడుకొనుటను నేరముగా నెంచరు. పూర్వము రచ్చబండ చేసిన పనినే నేడు కాఫీబల్ల చేయుచున్నది.

ఒక విధమున నిది రచ్చబండకంటెను మేలు. రచ్చబండపై అందఱికిని చోటుండెడిది కాదు. కాఫీ హోటళ్లు వెలసిన తొలిదినములలోను బ్రాహ్మణులకు వేఱుగ, ఇతరులకు వేఱుగ గదులుండెడివి; అంటరానివారని పేరుపెట్టబడినవారికి గడపయే హద్దు. దక్షిణదేశపు రైల్వే ఫలహారశాలలలో ఈ విభజన 1941 వఱకు సాగినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములను, హోటళ్లను పేర్కొని, కులకారణమున ఎవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము హోటలులోని పాత్రలను వాడుకొననీయకపోవుటను సైతము శిక్షార్హము గావించినది. ఐనను పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి పిమ్మట అనేక సంవత్సరములు చావలేదు. కావున ప్రక్కబల్లవాని కులమడుగక కాఫీ త్రాగుట అల్పవిషయము కాదు.

పల్నాటివారికి ఈ సంగతి క్రొత్తగ జెప్పవలెనా? 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకలకులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని వీరగాథ చెప్పుచున్నది. కారెంపూడిలో కార్తికమాసమున జరుగు వీరారాధనోత్సవములలో ఆ చాపకూడు నేటికిని స్మరింపబడుచున్నది.

అయితే చాపకూటికి వెల లేదు, కాఫీకి గలదు. కులమడుగని గుమ్మము జేబు నడుగుచున్నది. మిరపకాయలు కోయు కూలికి ఆదివారమును లేదు, ఆ కప్పు వెల పెట్టు తాహతును లేదు. అరకు కొండలపై గిరిజనులు పండించు కాఫీ 2017లో పారిస్ నగరపు వీధికెక్కినది. 2019లో భౌగోళిక గుర్తింపును బడసినది. ఆ కీర్తిలో పండించినవాని భాగమెంతయని విచారించుట త్రాగువాని ధర్మము. మనకు కప్పు తెచ్చియిచ్చు పనివానికిని విశ్రాంతి కావలెను. 1988 నాటి రాష్ట్ర దుకాణముల చట్టము వారమునకొక దినము సెలవు నిర్ణయించినది. అది కాగితముపైననే నిలిచిపోరాదు.

2022 ఏప్రిలులో పల్నాడు ప్రత్యేకజిల్లాయై, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. ముఖ్యపట్టణమునకు కాఫీశాలలు మాత్రమే చాలవు. చెట్లనీడ, త్రాగునీరు, పఠనమందిరము, కూర్చుండుటకు నాలుగు బల్లలు: వీనిని నరసరావుపేట, మాచర్ల, గురజాలలందు పురపాలకులు వెలలేక సమకూర్చినచో కూలివానికిని ఒక మధ్యాహ్నము దక్కును. కాఫీశాలకు పోవువారిని మేము వలదనము. చాపకూటి నేలపై పుట్టినవారు చాపను మఱికొంత వెడల్పుగా పఱుపవలెనని మాత్రమే కోరుచున్నాము.