లండన్ దహనం: ఒక పోస్ట్‌మార్టమ్

ఫైర్‌వాల్ అన్న మాట మన వృత్తిలో రోజుకు పదిసార్లు వింటాం. ఒక పోర్టు తెరిపించుకోవడానికి నెట్‌వర్క్ టీమును బతిమాలుకోవడం మనలో చాలామందికి నిత్యకృత్యం. నిజానికి ఈ మాట మన రంగంలో పుట్టింది కాదు, ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నది. పక్కింటి మంట మనింట్లోకి రాకుండా మధ్యలో కట్టే ఇటుక గోడే అసలు ఫైర్‌వాల్. అలాంటి గోడ ఎంత మందం ఉండాలో ఒక మహానగరం మొత్తానికీ చట్టం చేసి మరీ చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే 1666 నాటి లండన్‌కు వెళ్ళాలి.

అక్కడికి తీసుకెళ్ళే మంచి డాక్యుమెంటరీ ఒకటుంది. బ్రిటన్‌లోని ఛానల్ 5 వారు 2017లో మూడు భాగాలుగా ప్రసారం చేసిన ‘ది గ్రేట్ ఫైర్: ఇన్ రియల్ టైమ్’. చరిత్రకారులు సుజానా లిప్స్‌కోమ్, డాన్ జోన్స్, వారితో పాటు ఇంజనీరింగ్ చదివిన రాబ్ బెల్, ముగ్గురూ కలిసి మంట నడిచిన దారినే ఈనాటి వీధుల్లో నడుస్తూ కథ చెబుతారు. 2014లో ఐటీవీ తీసిన ‘ది గ్రేట్ ఫైర్’ వేరు, అది కల్పన కలిపిన నాటకం. మనలాంటి వాళ్ళకు మొదటిదే నచ్చుతుంది. ఎందుకంటే అది ప్రొడక్షన్ సిస్టమ్ కూలిపోయాక మనం రాసుకునే టైమ్‌లైన్ లాగా ఉంటుంది. ఏ గంటకు ఏం జరిగింది, ఎవరికి ఎప్పుడు తెలిసింది, ఎవరు ఏం చేయలేదు. ఆ పద్ధతిలోనే ఈ సంఘటనను ఒకసారి చూద్దాం.

అంటుకున్నది ఎక్కడ?

1666 సెప్టెంబరు 2, ఆదివారం, అర్ధరాత్రి దాటాక సుమారు ఒంటిగంట. (అప్పటికి ఇంగ్లండు ఇంకా జూలియన్ క్యాలెండరే వాడుతోంది. ఇప్పటి లెక్కలో అది సెప్టెంబరు 12. తేదీల ఫార్మాట్లతో తంటాలు పడే మనకు ఇదేం కొత్త కాదు.) పుడింగ్ లేన్ అనే ఇరుకు సందులో థామస్ ఫారినర్ అనే రొట్టెల వ్యాపారి ఇంట్లో నిప్పు రాజుకుంది. ఈయన నౌకాదళానికి బిస్కెట్లు సరఫరా చేసేవాడు. ఇంటివాళ్ళు మేడమీద కిటికీలోంచి పక్కింటికి దాటి బతికారు. భయంతో దాటలేకపోయిన పనిమనిషి ఈ ప్రమాదంలో మొదటి మృతురాలు.

రొట్టెల కొలిమి దగ్గర నిప్పు అంటుకోవడం లండన్‌లో వింతేమీ కాదు. మరి ఇదొక్కటే ఊరినంతా ఎందుకు మింగింది? ఆ ఏడు వేసవి పొడిగా గడిచి కలపంతా ఎండిపోయి ఉంది. తూర్పు గాలి బలంగా వీస్తోంది. ఇళ్ళు చెక్కతో కట్టినవి. పై అంతస్తులు వీధిలోకి పొడుచుకొచ్చి, ఎదురింటి చూరును దాదాపు తాకుతుండేవి. దిగువన థేమ్స్ ఒడ్డున ఉన్న గోదాముల నిండా తారు, నూనె, బొగ్గు, నార తాళ్ళు. ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా నగరాన్ని కాల్చేది కాదు. అన్నీ ఒకే రాత్రి ఒక వరసలో పడ్డాయి. పెద్ద పెద్ద అవుటేజీలన్నీ ఇలాగే జరుగుతాయని మీకు వేరే చెప్పక్కర్లేదు.

అప్రూవల్ రాలేదు

అప్పట్లో మంటలార్పడానికి ఉన్న సరంజామా చాలా తక్కువ. తోలు బకెట్లు, హోలీ పిచికారీల్లాంటి పెద్ద చిమ్మనగొట్టాలు, చేత్తో కొట్టే కొన్ని పంపు బండ్లు. అందుకే అసలైన ఉపాయం నీళ్ళు కాదు, ఖాళీ. మంటకు ముందున్న ఇళ్ళను పొడవాటి కొక్కేల గడలతో లాగి పడగొట్టి, కాలడానికి ఏమీ లేకుండా చేయడం. ఈ విద్య వాళ్ళకు బాగా తెలుసు.

కానీ ఇల్లు పడగొట్టాలంటే ఆజ్ఞ ఇవ్వాల్సింది మేయరు. సర్ థామస్ బ్లడ్‌వర్త్ రాత్రే వచ్చి చూశాడు, పెద్ద ప్రమాదమేమీ కాదనుకున్నాడు. పైగా యజమానుల అనుమతి లేకుండా ఇళ్ళు కూలిస్తే నష్టపరిహారం ఎవరిస్తారన్నది ఆయన బెంగ. అలా తొలి గంటలు జారిపోయాయి. తెల్లవారాక నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ పడవలో వెళ్ళి రాజు రెండవ ఛార్లెస్‌కు పరిస్థితి వివరించాక, ఇళ్ళు కూల్చమని రాజాజ్ఞ వచ్చింది. అప్పటికి మంట మనుషులకన్నా వేగంగా నడుస్తోంది. ఒక ఇల్లు పడగొట్టేలోగా అది పక్కింటికి చేరిపోయేది.

బ్లడ్‌వర్త్‌ను తిట్టడం తేలిక. అయితే ఆయన స్థానంలో ఉండి ఆలోచించండి. పది ఇళ్ళు కూల్చి మంట ఆగిపోతే, అనవసరంగా కూల్చాడని పదిమందీ ఆయన మీద పడతారు. కూల్చకపోతే బాధ్యత నిప్పుది. నిర్ణయం తీసుకున్నవాడికే శిక్ష పడే ఏర్పాటులో ఎవరూ నిర్ణయం తీసుకోరు. రాత్రి రెండింటికి సర్వరు ఆపేయాలా వద్దా అని ఊగిసలాడిన ఆన్‌కాల్ ఇంజనీర్లందరికీ ఈ మేయరు దూరపు చుట్టమే.

బ్యాకప్ కూడా అక్కడే

ఊరికి నీళ్ళు తోడే ముఖ్యమైన యంత్రాల్లో ఒకటి లండన్ బ్రిడ్జి ఉత్తరపు కొస కమాను కింద, నది ప్రవాహంతో తిరిగే చక్రం. 1580ల నాటి ఏర్పాటు. పుడింగ్ లేన్‌కు అది కూతవేటు దూరం. మొదటి రోజే అదీ కాలిపోయింది. మంటలార్పే యంత్రం మంట దారిలోనే ఉండటమంటే, బ్యాకప్‌ను అదే డిస్కులో దాచుకోవడమే.

ఇక్కడ ఒక అదృష్టం కూడా ఉంది. 1633లో జరిగిన వేరే అగ్నిప్రమాదంలో బ్రిడ్జి మీద ఉత్తరం వైపున్న ఇళ్ళు కొన్ని కాలిపోయాయి. ఆ తర్వాత ఆ జాగా పూర్తిగా నిండలేదు. ఆ ఖాళీ దగ్గరే మంట ఆగిపోయి, నదికి అవతల ఉన్న సదర్క్ బతికిపోయింది. ఎవరూ డిజైన్ చేయని ఫైర్‌వాల్ అది.

సోమవారం రాజుగారి తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్ బాధ్యత తీసుకున్నాడు. అదే సమయంలో సామాన్లు మోసే బండ్ల అద్దె కొన్ని షిల్లింగుల నుంచి నలభై పౌండ్ల దాకా ఎగబాకింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మన సామెత. మంగళవారం సెయింట్ పాల్ కెథడ్రల్ అంటుకుంది. మరమ్మతుల కోసం చుట్టూ కట్టిన కలప పరంజా దానికి కట్టెల మోపయింది. కప్పు మీది సీసం కరిగి వీధుల్లో పారింది. రాతి కట్టడం కదా అని నమ్మి పుస్తక వ్యాపారులు నేలమాళిగలో దాచిన పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. చివరికి టవర్ ఆఫ్ లండన్ వైపు తుపాకిమందుతో ఇళ్ళను పేల్చి ఖాళీలు చేశారు. ఆ రాత్రి గాలి తగ్గింది. బుధ, గురువారాలకు మంట అదుపులోకి వచ్చింది.

లెక్క తేలేసరికి సుమారు 13,200 ఇళ్ళు, 87 చర్చిలు, 436 ఎకరాల నగరం పోయింది.

లాగుల్లో ఉన్నది, లేనిది

రికార్డుల్లో ఉన్న మరణాలు మాత్రం పదిలోపే. ఈ అంకెను చాలామంది చరిత్రకారులు నమ్మరు. పేదల చావులు రాసిపెట్టే నాథుడు లేని కాలం. శిథిలాల్లో ఎముకలు కూడా మిగలనంత వేడి. లాగులో ఎంట్రీ లేనంత మాత్రాన సంఘటన జరగలేదని కాదు కదా.

మిగిలిన లాగుల్లో గొప్పది పీప్స్ డైరీ. తన పర్మెజాన్ చీజ్‌నూ వైనునూ తోటలో గొయ్యి తీసి పాతిపెట్టుకున్న సంగతితో సహా అన్నీ రాశాడు. అదంతా షార్ట్‌హ్యాండ్‌లో రాశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ స్మిత్ అనే ఆయన మూడేళ్ళు కష్టపడి దాన్ని విప్పితే 1825లో తొలిసారి అచ్చయింది. ఆ షార్ట్‌హ్యాండ్ పద్ధతి నేర్పే పుస్తకం పీప్స్ గ్రంథాలయంలోనే ఉంది, స్మిత్‌కు తెలియలేదు! మాన్యువల్ చదవకుండా రివర్స్ ఇంజనీరింగ్ చేసే అలవాటు మనతోనే మొదలు కాలేదన్నమాట.

తప్పు పరాయివాడిది

ఈ కథలో పరదేశంలో ఉంటున్న మనం ఆగి చదవాల్సిన పేజీ ఇది. అప్పుడు ఇంగ్లండుకు డచ్చి వాళ్ళతోనూ ఫ్రెంచి వాళ్ళతోనూ యుద్ధం నడుస్తోంది. కొద్ది వారాల ముందే ఇంగ్లీషు నౌకాదళం ఒక డచ్చి ఊరిని తగలబెట్టింది. దాంతో ఇది వాళ్ళ ప్రతీకారమేనని పుకారు లేచింది. మంటలు ఆరకముందే వీధుల్లో విదేశీయుల మీద దాడులు మొదలయ్యాయి. యాస వేరుగా ఉంటే చాలు, నేరస్తుడే.

రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచి యువకుడు నిప్పు పెట్టింది తానేనని ఒప్పుకున్నాడు. మతి స్థిమితం లేనివాడని న్యాయమూర్తులకే అనుమానం. అతని కథలో పొంతన లేదు. అయినా అక్టోబరులో ఉరి తీశారు. అతని మీద నేరారోపణ పత్రంలో సంతకాలు చేసిన వాళ్ళలో ఫారినర్ కుటుంబం ఉంది! నిప్పు పుట్టిన రెండు రోజులకు గానీ హ్యూబర్ట్ లండన్‌లో అడుగే పెట్టలేదని అతన్ని తెచ్చిన ఓడ కెప్టెన్ తర్వాత చెప్పాడు. రూట్ కాజ్ వెతకడం కష్టం, దోషిని వెతకడం సుళువు. ఆ దోషికి మన భాష రాకపోతే ఇంకా సుళువు.

తిరగరాయడమా, మరమ్మతా?

నగరం కాలిన పది రోజుల్లోనే క్రిస్టొఫర్ రెన్ కొత్త ప్లానుతో రాజు ముందు నిలబడ్డాడు. విశాలమైన వీధులు, తీర్చిదిద్దిన కూడళ్ళు. జాన్ ఎవిలిన్, రాబర్ట్ హుక్ కూడా ప్లాన్లిచ్చారు. ఇంటర్మీడియట్‌లో స్ప్రింగులు సాగదీయించి లెక్కలు చేయించిన హుక్ సూత్రం హుక్ ఈయనే. ఒక్క ప్లానూ అమలు కాలేదు. భూమి వేలమందిది, హద్దులు చిక్కుముళ్ళు, అందరికీ వెంటనే తల దాచుకోవాలి. అందుకే పాత వీధులే ఉంచి, కొన్నింటిని వెడల్పు చేశారు. మొత్తం కోడ్ పారేసి మొదటినుంచి రాద్దామన్న ఉత్సాహం ఎలా ముగుస్తుందో మనకు తెలిసిందే.

అయితే నియమాలు మాత్రం మారాయి. 1667 చట్టం ప్రకారం ఇళ్ళు ఇటుకతోనో రాతితోనో కట్టాలి. ఇళ్ళను నాలుగు రకాలుగా విభజించి, అంతస్తుల సంఖ్య, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ మందం నిర్ణయించారు. హుక్ లాంటి సర్వేయర్లు స్వయంగా వీధుల్లో మేకులు కొట్టించి కొలతలు వేశారు. ఖర్చు కోసం లండన్‌కు వచ్చే బొగ్గు మీద పన్ను వేశారు. ఇంకో ముఖ్యమైన పని, అగ్ని కోర్టు. కాలిన ఇంటికి అద్దె ఎవరు కట్టాలి, కట్టుబడి ఖర్చు ఎవరు భరించాలి అన్న తగాదాలను అది త్వరగా తేల్చింది. కౌలు పత్రాల ప్రకారం భారమంతా కిరాయిదారుదే. కోర్టు ఆ అక్షరాన్ని పట్టుకోకుండా ఇద్దరికీ పంచింది. లేకపోతే నగరం లేచేది కాదు. 1680 ప్రాంతంలో నికొలస్ బార్బన్ మొదలుపెట్టిన వ్యాపారం అగ్ని బీమాకు నాంది అయింది. బీమా కంపెనీలు పెట్టుకున్న సొంత దళాలే కాలక్రమంలో నేటి అగ్నిమాపక దళానికి దారి తీశాయి.

ఇదంతా పాత కథే కదా అనుకోకండి. డాక్యుమెంటరీ వచ్చిన 2017లోనే, జూన్ 14న, అదే లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. గోడల మీద అతికించిన మండే పలకలు మంటను పై అంతస్తులకు మోశాయి. ఆ మరణాలన్నీ నివారించదగినవేనని 2024లో విచారణ నివేదిక వెలువడినప్పుడు స్పష్టమైంది. ఫ్లాటు అద్దెకు తీసుకునేటప్పుడు స్కూలు, స్టేషను, ఇండియన్ స్టోరు ఎంత దూరమో అడుగుతాం. బయటి పలకలు ఏ సరుకుతో చేశారో, పొగ అలారం పని చేస్తోందో, మెట్లదారి ఎటో కూడా అడగండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మనకెందుకు?

ఈసారి లండన్ వెళ్ళినప్పుడు మాన్యుమెంట్ ఎక్కండి. 202 అడుగుల స్తంభం, 311 మెట్లు. రెన్, హుక్ కలిసి కట్టిన ఈ స్తంభాన్ని హుక్ నిట్టనిలువు టెలిస్కోపుగా కూడా వాడాలని చూశాడు. కింద పీఠం మీది శాసనాలు చూడండి. ఈ ప్రమాదానికి కారణం కాథలిక్కులేనన్న వాక్యం ఒకటి 1681లో అక్కడ చెక్కారు. దాన్ని పూర్తిగా చెరిపేయడానికి 1830 వరకూ పట్టింది. మంటను నాలుగైదు రోజుల్లో ఆర్పారు, ఆ నిందను ఆర్పడానికి నూట యాభై ఏళ్ళు.