ఎనిమిదడుగుల బల్లపై నౌపడ జంక్షన్

మోడల్ రైలు కొన్న ఇంట్లో మొదటి ఆదివారం పండగే. పట్టాలన్నీ గుండ్రంగా కలిపేస్తారు, బండి గిరగిరా తిరుగుతుంది. రెండో ఆదివారం అదే బండి, అదే చుట్టు. మూడో వారానికి అట్టపెట్టె అటకెక్కుతుంది, డబ్బులు దండగని ఇంట్లోవాళ్లు సణుగుతారు. నిజానికి బండి బాగానే ఉంది, పట్టాలూ బాగానే ఉన్నాయి. లేనిదల్లా ప్లానే. ఆ రైలు ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తోంది, ఏం పని మీద వెళ్తోంది అన్నది ఎవరూ ఆలోచించలేదు.

ఈ హాబీ మొదలుపెడదామనుకుంటున్నారా? సివిల్, ఆర్కిటెక్చర్, డిజైన్ చదువుతూ చేతికి పని చెప్పే ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? అయితే పట్టాలు కొనకముందే ప్లాన్ గీయండి. అదీ నారోగేజ్ లైనుకి. నారోగేజే ఎందుకన్నది లెక్కల్లోనే తేలిపోతుంది.

కిటుకంతా వంపులోనే

మన రైల్వేల్లో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని ఆ డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్థం మీటర్లలో వస్తుంది. బ్రాడ్‌గేజ్‌కి గరిష్ఠం 10 డిగ్రీలు, అంటే 175 మీటర్లు. మీటర్‌గేజ్‌కి 16. నారోగేజ్‌కి ఏకంగా 40 డిగ్రీలు, దాదాపు 44 మీటర్లు. సివిల్ విద్యార్థులు పరీక్షల కోసం బట్టీ పట్టే అంకెలే ఇవి.

ఇప్పుడు వీటిని 87తో భాగించండి. మోడల్ రైళ్లలో బాగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలు 1:87 కాబట్టి. బ్రాడ్‌గేజ్ వంపు 2 మీటర్ల వ్యాసార్థానికి వస్తుంది. బండి మలుపు తిరిగి వెనక్కి రావాలంటే 4 మీటర్ల వెడల్పు కావాలి. మనలో ఎంతమంది పడగ్గది అంత ఉంటుంది? అందుకే బ్రాడ్‌గేజ్ మోడళ్లలో పొడవాటి పెట్టెల్ని బలవంతంగా చిన్న వంపుల్లో తిప్పుతారు, అవి మూలలు బయటికి పొడుచుకొచ్చి వింతగా కనిపిస్తాయి. నారోగేజ్ వంపైతే అర మీటరే. డార్జిలింగ్ లైనులో ‘ఏగొనీ పాయింట్’ అనే మలుపు వ్యాసార్థం 18 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కుదిస్తే 21 సెంటీమీటర్లు! పెద్ద తాంబాళం చుట్టూ పెన్సిల్ తిప్పినంత. నారోగేజ్‌లో అసలైన వంపే మీ బల్ల మీద పడుతుంది, కళ్లకు గంతలు కట్టక్కర్లేదు.

కొండ రైలు అనగానే నారోగేజ్ అనుకోకండి. ఊటీ రైలు మీటర్‌గేజ్. అరకు లైను పక్కా బ్రాడ్‌గేజ్. డార్జిలింగ్, మాథేరాన్ రైళ్లవి 2 అడుగుల పట్టాలు. కల్కా-సిమ్లాది రెండున్నర అడుగులు, అంటే 762 మి.మీ. ఈ 762ని 87తో భాగిస్తే 8.76. బజారులో దొరికే 9 మి.మీ. పట్టాకి ఇది చాలా దగ్గర. ఎన్ గేజ్ రైళ్లదీ ఇదే 9 మి.మీ. కాబట్టి వాటి ఇంజిన్ల చట్రాల మీద మీ సొంత బాడీ కూర్చోబెట్టుకోవచ్చు. పట్టాలు మాత్రం నారోగేజ్ కోసం చేసినవే తీసుకోవాలి. ఎన్ గేజ్ పట్టాల స్లీపర్లు మరీ చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటి మీద నారోగేజ్ బండిని పెడితే పెద్దాయన పిల్లాడి చెప్పులేసుకున్నట్టు ఉంటుంది.

మనకూ ఓ బుల్లి రైలు ఉండేది

ప్లాన్‌కి ఓ అసలు లైను ఆధారంగా ఉండాలి. సిమ్లానో స్విట్జర్లాండో వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రైలు మొదలైంది. వేసింది పర్లాకిమిడి రాజావారు. పట్టాల మధ్య దూరం సరిగ్గా ఆ రెండున్నర అడుగులే. అప్పటికి గిడుగు రామమూర్తి పంతులుగారు ఉంటున్న ఊరే పర్లాకిమిడి. 1931 నాటికి ఆ లైను గుణుపూర్ దాకా పాకి, మొత్తం 90 కిలోమీటర్లయింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా వెళ్లే ఆ బుల్లి రైలు 2004లో ఆగిపోయింది. గేజ్ మార్చి 2011లో బ్రాడ్‌గేజ్ బండి నడిపారు. ప్రయాణికులకు మేలే జరిగింది, కాదనలేం. కానీ పాత పట్టాలు, పాయింట్లు, ఇంజిన్లకు నీళ్లు పట్టే చోట్లు ఇక కంటికి కనిపించవు. మీ తాతగారో మేనమామో ఆ రైలెక్కి ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. ప్లాట్‌ఫాం ఏ పక్కన ఉండేది, ఇంజిన్ ఎటు తిరిగేది, గూడ్స్ షెడ్డు ఎక్కడ? కాగితం మీద వాళ్ల చేతే గీయించండి. గీత వంకరైనా ఫర్వాలేదు. అలాంటి బొమ్మ ఇంకో పదేళ్ల తర్వాత గీసేవాళ్లు ఉండకపోవచ్చు.

మోడల్‌కి నౌపడే ఎందుకంటే, అక్కడ హౌరా-చెన్నై మెయిన్‌లైను, బుల్లి లైను కలుస్తాయి. పెట్టెలు ఒక గేజ్ నుంచి ఇంకో గేజ్‌కి ఎక్కలేవు, మనుషులూ సరకులూ దిగి మారాల్సిందే. పైగా చుట్టూ ఉప్పు మళ్లు. ఉప్పు బస్తాలు వ్యాగన్ల నుంచి వ్యాగన్లకు మారుతున్నట్టు మన ప్లాన్‌లో ఊహించుకుందాం. అంతే, రైలుకి పని దొరికేసింది.

మొత్తం పెట్టాలనుకుంటే మునుగుతారు

నౌపడ నుంచి పర్లాకిమిడి సుమారు 40 కిలోమీటర్లు. 87తో భాగిస్తే 460 మీటర్లు. మీ వీధి చివరిదాకా పట్టాలు వేసినా ఊరు రాదు. కాబట్టి లైను మొత్తం వద్దు, ఒక్క స్టేషన్ చాలు. మిగతా ప్రపంచమంతా తెర వెనక ఉంటుంది. నాటకంలో రాజుగారు ‘అడవి నుంచి వస్తున్నా’ అంటే మనం నమ్మమూ? అలాగే.

మన బల్ల 8 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. గోడకు ఆనించి, బీరువా పక్కన సరిపోతుంది. ఇందులో కుడివైపు రెండున్నర అడుగులు చెట్లూ గోదాము వెనక దాచేయండి. రైళ్లు వచ్చే ‘పర్లాకిమిడి’ అదే. అక్కడ పాయింట్లు కూడా వద్దు. పట్టా అతికించిన చెక్క పలకలు రెండు మూడు చేసుకుని, రైలుతో సహా చేత్తో మార్చేయండి. ఇక కనిపించే స్టేషన్‌కి మిగిలింది అయిదున్నర అడుగులు, 1676 మి.మీ. తమాషా చూశారా, అది మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం!

ఇప్పుడు బండి పొడవు. ఇంజిన్ 110 మి.మీ., పెట్టె ఒక్కోటి 115 చొప్పున మూడు అనుకుంటే 455, కప్లింగులతో కలిపి 470. ఈ బండి నౌపడలో ఆగుతుంది. ఇంజిన్ విడిపోయి ముందుకెళ్లి, పక్క లైనులో వెనక్కొచ్చి, రెండో కొసన తగులుకోవాలి. ఈ పని కోసమే లూప్‌లైను. దాని పొడవు ఎంత?

కొత్తవాళ్లు దాదాపు అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. ఈ పాయింటు నుంచి ఆ పాయింటుకు కొలిచి 500 ఉంది, చాలనుకుంటారు. రెండు పట్టాలు విడిపోయిన వెంటనే మధ్యలో ఖాళీ ఉండదు. ఆ మొదట్లో పెట్టె నిలబడితే పక్క లైనులో వచ్చే ఇంజిన్ దాన్ని రాసుకుంటుంది. ఎక్కడి నుంచి రాసుకోదో ఆ గుర్తును రైల్వేల్లో ‘ఫౌలింగ్ మార్క్’ అంటారు. అసలు స్టేషన్లలో కూడా లూప్ ఎంత బండిని పట్టుకుంటుందో ఈ గుర్తు దాటకుండానే లెక్కేస్తారు. మన కొలతల్లో పాయింటు మొదలు నుంచి ఫౌలింగ్ మార్క్‌కి సుమారు 200 మి.మీ. పోతుంది. రెండు వైపులా 400. బండికి 500. అంటే లూప్‌కి 900 కావాలి. దాదాపు సగం పట్టా బండి నిలబడటానికి పనికిరాదన్నమాట! ఈ ఒక్క లెక్క ముందే వేసుకుంటే డబ్బులు పోసి వేసిన పట్టా పీకాల్సిన అవసరం రాదు.

సరకుల సంగతికొద్దాం. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే మోడలర్ ‘ఇంగిల్‌నుక్ సైడింగ్స్’ అని ఓ చిన్న లేఅవుట్ చేశారు. మూడు దారులు. ఒకటి ఐదు వ్యాగన్లు పట్టేది, తక్కిన రెండూ మూడేసి పట్టేవి. ముందు భాగంలో ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకు చోటు. ఎనిమిది వ్యాగన్లకు ఎనిమిది చీటీలు రాసి ఐదు తీయాలి. ఏ వరసలో వచ్చాయో అదే వరసలో బండి కట్టాలి. ఎన్ని రకాలుగా వస్తాయో ఇంటర్ లెక్కలు చదివినవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. 8×7×6×5×4, మొత్తం 6,720. రోజుకొకటి చేసినా పద్దెనిమిదేళ్లు. గుండ్రటి పట్టా మూడో వారానికే అటకెక్కిందని గుర్తుంది కదా!

దీన్ని నౌపడలో కలపడానికి కొత్తగా కావాల్సింది రెండు చిన్న సైడింగులే, ఉప్పు బస్తాల కోసం. ఐదు వ్యాగన్ల దారిగా లూప్‌లైనే పనికొస్తుంది. వ్యాగన్ 60 మి.మీ. అయితే ఇంజిన్, మూడు వ్యాగన్లు కలిపి 290. షంటింగ్‌కి 300 వదలండి. సైడింగుల పాయింట్లు రెండూ కలిపి 260. మొత్తం కూడితే 900, 260, 300 కలిసి 1460. ఇంకా 216 మి.మీ. మిగిలింది. అందులో కల్వర్టు, రెండు తాడిచెట్లు. అక్కడ ఇంకో సైడింగ్ వేయాలని చెయ్యి దురద పెడుతుంది. వేయకండి. ఊపిరాడని స్టేషన్ అసలు స్టేషన్‌లా కనిపించదు. మొత్తం నాలుగే పాయింట్లు, ఖర్చంతా ఎక్కువగా ఉండేది వాటి దగ్గరే. ఈ సామాను ఎక్కువగా విదేశాల నుంచి తెప్పించుకోవాలి కాబట్టి ఒక్క పాయింటు తగ్గినా జేబుకు తెలుస్తుంది.

బల్ల ముందు అంచున బ్రాడ్‌గేజ్ పట్టా ఒకటి ఊరికే కనిపించాలి. 1676 మి.మీ. కుదిస్తే 19.3. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. వెడల్పే. అది విదేశీ స్టాండర్డ్ గేజ్‌కి చేసింది. ఈ లైనులో ఏ రైలూ నడవదు గనుక పట్టాలు విడిగా తీసుకుని 19.3కే అతికించుకోండి. పెద్ద పట్టా పక్కన చిన్న పట్టా ఎంత చిన్నదో చూసేవాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

ఎత్తుపల్లాల జోలికి మొదటి ప్లాన్‌లో పోవద్దు. ఒక లైను మీదుగా ఇంకోటి దాటాలంటే 75 మి.మీ. ఎత్తు ఎక్కాలి. 40కి 1 చొప్పున ఎక్కినా 3 మీటర్ల పట్టా పోతుంది, మన బల్లే అంత లేదు. పైగా ఇది సముద్రతీరపు లైను, చదునుగా ఉంటేనే అందం.

చదువుకి, ఉద్యోగానికి దీంతో ఏం పని?

కొత్త యార్డు కట్టాలన్నా, ఉన్నది మార్చాలన్నా మన రైల్వేల్లో ముందు తయారయ్యేది ‘ఇంజినీరింగ్ స్కేల్ ప్లాన్’. పాయింట్లు ఎక్కడ, లూప్ ఎంత, ప్లాట్‌ఫాం ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఆధారం చేసుకుని సిగ్నల్ విభాగం ఇంటర్‌లాకింగ్ ప్లాన్ గీస్తుంది. మీరు బల్ల మీద చేస్తున్నది దాని చిన్న తమ్ముడే. సివిల్ డిప్లొమా లేదా బీటెక్‌తో ట్రాక్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు పుణెలోని ఇరిసెన్, సిగ్నల్ వైపు వెళ్లేవాళ్లకు సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ పేర్లు తెలిసే ఉంటాయి. ఉద్యోగంలో చేరాక రైల్వే ఇంజినీర్లు శిక్షణ పొందేది అక్కడే. మోడల్ చేసినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, అలా చెప్పేవాళ్లను నమ్మకండి. అయితే ఫౌలింగ్ మార్క్ అంటే ఏమిటని అడిగితే, నిర్వచనం అప్పజెప్పేవాడికీ, వ్యాగన్ రాసుకోవడం కళ్లారా చూసినవాడికీ జవాబులో తేడా తెలిసిపోతుంది. డిజైన్, ఆర్కిటెక్చర్ వైపు పోర్ట్‌ఫోలియో అడిగేచోట చివరి ప్లాన్ ఒక్కటే పెట్టకండి. కొట్టేసిన పాత గీతలు, ఎందుకు కొట్టేశారో రాసిన రెండు ముక్కలు కూడా పెట్టండి. మీరు ఎలా ఆలోచిస్తారన్నది వాటిలోనే కనిపిస్తుంది. పుణె వైపు వెళ్తే జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి రండి, అంత చిన్న చోటులో ఎన్ని రైళ్లు ఒద్దికగా నడుస్తాయో తెలుస్తుంది.

ముందు ఈ పేపర్ మీద

ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి, వాడండి. కానీ మొదటి ప్లాన్ అసలు సైజులో, నేల మీద గీయాలన్నది నా పట్టుదల. తెరపై అన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి. చదివేసిన పేపర్లు ఎనిమిదడుగుల పొడవున అతికించండి. పెకో లాంటి కంపెనీలు పాయింట్ల అసలు సైజు బొమ్మలు ఉచితంగా ఇస్తాయి. వాటిని ప్రింట్ తీసి కత్తిరించి పెట్టండి. ప్రింటర్ సైజు కుదించలేదని స్కేలుతో ఓసారి కొలిచి చూసుకోండి. పట్టాకి పట్టాకి నడుమ 35 మి.మీ. తగ్గకూడదు. పెళ్లి శుభలేఖల అట్టలు 110, 115, 60 మి.మీ. కొలతల్లో కత్తిరించి ఇంజిన్, పెట్టెలు, వ్యాగన్లు చేసుకోండి.

ఇప్పుడు బండిని నౌపడకు తీసుకురండి. ఇంజిన్ విప్పండి, తిప్పండి, కట్టండి. ఎనిమిది చీటీల్లోంచి ఐదు తీసి ఉప్పు వ్యాగన్లు వరసపెట్టండి. తమ్ముడో చెల్లెలో గార్డుగా ఉంటే మరీ మంచిది, మీరు అట్ట ముక్కని ఇంకో అట్ట మీదుగా ఎగరేస్తే పట్టుకుంటారు. ఎక్కడ చెయ్యి ఆగిందో, ఏ సైడింగ్‌లో వ్యాగన్ పట్టలేదో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, ఆ చోటు మళ్లీ గీయండి. ఓ వారం పాటు రోజూ నడిపి చూసినా ఎర్ర గుర్తు పడకపోతే, ప్లైవుడ్ కొలతలు పట్టుకుని కార్పెంటర్ దగ్గరికి వెళ్లొచ్చు.